సిగ్గుబిళ్ళ

మా తమ్ముడు భానోజీరావు కనిపెట్టిన వస్తువు గురించి పేపర్లలో చాలా రాశారు. దాన్ని ఎలా కనిపెట్టాడో మాత్రం ఎవరూ సరిగ్గా రాయలేదు, ఎందుకంటే వాడు వాళ్ళకి సరిగ్గా చెప్పలేదు. మొదట నాకొక్కదానికే చెప్పాడు, అదీ వంటింటి గడప మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వుతూ.

వాడికి చిన్నప్పటినుంచీ బూజంటే ప్రాణం. రొట్టె మీద బూజు పడితే ఇంట్లో అందరూ పారేయమనేవాళ్ళు, వీడు పళ్ళెం కింద దాచుకునేవాడు. ఆ పిచ్చే వాణ్ణి చివరికి శిలీంధ్రాల పరిశోధకుణ్ణి చేసింది. మొన్న వానాకాలం మొదట్లో పాడేరు అవతల అడవిలో డేరాలు వేసి, ఇద్దరు విద్యార్థులతో, ఒక వంటమనిషితో మకాం పెట్టాడు. పడిపోయి కుళ్ళుతున్న మొద్దుల మీద ఏమేం మొలుస్తాయో చూడటం పని. చచ్చిన చెట్టుకున్నంత సందడి బతికిన చెట్టుకి ఉండదంటాడు వాడు. మొద్దు పక్కల నుంచి చెవుల్లా పొడుచుకొచ్చిన గట్టి పుట్టగొడుగులు, వాటి మీద ఎర్రగా చిన్నచిన్న గిన్నెలు, బెరడు లేపితే కింద తెల్లటి సన్నని దారాలు. చెక్క ముట్టుకుంటే తడి అటుకుల్లా చేతికి వచ్చేసేదట.

ఒకరోజు సందెవేళ వాడికి కడుపులో మెలిపెట్టింది. అంతకుముందు పనసతొనలు ఇష్టమొచ్చినట్టు తిన్నాడు. చెంబు పట్టుకుని ఒక పెద్ద మద్దిమొద్దు వెనక్కి పరుగెత్తాడు. పని మధ్యలో ఉండగా కాలిబాట మీద మాటలు వినిపించాయి. సంత నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్ళు. వాళ్ళు దగ్గరికి వస్తున్నకొద్దీ వీడికి ఒళ్ళంతా చెమటలు. లేవలేడు, కూర్చోలేడు.

"సరిగ్గా అప్పుడు మొద్దు వెలిగిందక్కా!" అన్నాడు. "ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పచ్చగా! నా చేతిలో చెంబు నాకే కనపడింది. ఆడవాళ్ళు కెవ్వుమని కేకలేసి ఒకటే పరుగు. ఆ అరుపులకి పైడిరాజు టార్చి పట్టుకుని వచ్చాడు, మా వంటమనిషి. నన్ను చూశాడో లేదో తెలీదు. టార్చి ఆర్పేసి వెనక్కి తిరిగెళ్ళిపోయాడు."

నేనూ నవ్వాను. అంత నవ్వు మా ఇంట్లో విని చాలా కాలమైంది.

తర్వాత వాడు పట్టుదలగా కూర్చున్నాడు. ఆ మొద్దు మామూలప్పుడు వెలగదు. వాన పడితే వెలగదు, పాము పాకితే వెలగదు, మనిషి పక్కనుంచి నడిచినా వెలగదు. మనిషి సిగ్గుపడితే వెలుగుతుంది. దానికి కారణమూ పట్టుకున్నాడు. ఆ మొద్దుని తొలిచే పురుగొకటుంది. దాని ఒంటి వాసనా, మనం సిగ్గుతో చచ్చిపోతున్నప్పుడు పట్టే చెమట వాసనా ఒకే కోవకి చెందినవట. పురుగొస్తోందనుకుని శిలీంధ్రం దీపం పెడుతుంది. పురుగు ఆ వెలుగుకి వచ్చి దాని బీజాలు కాళ్ళకి అంటించుకుని పోతుంది. అంటే మన సిగ్గు దానికి చుట్టం వచ్చిన కబురన్నమాట.

విశాఖపట్నం తిరిగొచ్చాక ల్యాబులో మద్దిచెక్కని అప్పడం మందాన కోసి, దానిమీద ఆ దారాలు పెంచి, చిల్లులున్న గాజుడబ్బీలో బిగించాడు. అరచేతిలో ఇమిడిపోతుంది. దీనికి తెలుగులో ఒక మంచి పేరు చెప్పమని నన్నడిగాడు. నేను తెలుగు పంతులమ్మని. పనిచేసే బడి మూతపడ్డాక తమ్ముడింట్లోనే ఉంటున్నాను.

"సిగ్గుబిళ్ళ," అన్నాను వెంటనే.

వాడి మొహం మాడిపోయింది. సిగ్గుబిళ్ళంటే పూర్వం చంటి ఆడపిల్లలకి సిగ్గు కప్పడానికి మొలతాడుకి కట్టే రావాకు ఆకారపు బిళ్ళ. మా అమ్మమ్మ పెట్టెలో వెండిది ఒకటుండేది.

"వేళాకోళం కాదక్కా. 'అపరాధ సూచిక' అని పెడదామనుకుంటున్నాను."

"అపరాధమెక్కడుందిరా ఇందులో? నువ్వు చేసిన అపరాధమేమిటి, పనసతొనలు తినడమా?"

"సిగ్గుని కనిపెట్టే యంత్రం ఎవడిక్కావాలి? నేరాన్ని కనిపెట్టేదైతే ప్రపంచానిక్కావాలి. పరీక్షలు చేశాం. అబద్ధమాడిన పిల్లలందరి దగ్గరా వెలిగింది."

"వాళ్ళు సిగ్గున్న పిల్లలు కాబట్టి వెలిగింది. కొత్తపెళ్ళికూతురు పీటల మీద కూర్చుని సిగ్గుపడుతుంది, ఆవిడేం దొంగిలించింది?"

"నీతో వాదించలేను," అని లేచిపోయాడు. ఇంట్లో మాత్రం అందరికీ అది సిగ్గుబిళ్ళే అయింది. వాడి భార్య సుభాషిణి కూడా, "మీ సిగ్గుబిళ్ళ ఫ్రిజ్ మీద మర్చిపోయారు," అనేది.

అంతవరకూ అంతా సరదాగానే ఉంది.

ఒకనాటి ఉదయం వాణ్ణి టీవీలో చూపించారు. సుభాషిణి చుట్టాలందరికీ ముందే ఫోన్లు చేసింది. నేను ఉప్మా పళ్ళెం పట్టుకుని కూర్చున్నాను. యాంకరమ్మాయి, దీన్ని మొదటిసారి ఎలా గమనించారండీ అని అడిగింది. మా వాడు గొంతు సవరించుకున్నాడు.

"మా క్యాంపులో పాలపొడి డబ్బా పోయింది. ఎవరు తీశారో తెలియదు. ఆ సాయంత్రం మా వంటమనిషి ఆ మొద్దు దగ్గరికి వచ్చాడు. రాగానే మొద్దు వెలిగింది. అలా మొదటి దొంగని పట్టుకున్నది అడవేనండీ."

యాంకరమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను ఉప్మా పళ్ళెం కింద పెట్టేశాను. నిజం చెబుతున్నాను, నాకు సిగ్గేసింది. అదే పని పక్కింటివాడు చేసుంటే తిట్టి ఊరుకునేదాన్ని. నేను ఎత్తుకుని పెంచినవాడు, నేను అఆలు దిద్దించినవాడు, అంత నున్నగా అబద్ధమాడుతుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వాడు ఇంటికి రాగానే అడిగాను.

"పేరు చెప్పలేదుగా అక్కా!"

"మీ క్యాంపులో వంటమనుషులు ఎంతమంది ఉన్నారేమిటి, గుర్తుపట్టకుండా ఉండటానికి?"

"మరేం చెప్పమంటావు? ఊరంతా చూస్తుంటే నేను చెంబు పట్టుకుని కూర్చున్నానని చెప్పనా? రేపు నా విద్యార్థుల ముందు ఎలా నిలబడను? ఏదో నోటికొచ్చింది, చెప్పేశాను. జనం రెండ్రోజుల్లో మర్చిపోతారు."

జనం మర్చిపోలేదు. ఆ కథ బాగుంది కాబట్టి అందరూ అదే అడిగారు, వాడు అందరికీ అదే చెప్పాడు. చెప్పేకొద్దీ పాలపొడి డబ్బా పెద్దదైంది. వంటమనిషి చేతులు వణకడం కూడా చేరింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అన్నాల వేళకి కరెంటు పోయింది. బిళ్ళ బల్ల మీదే ఉంది. సుభాషిణి కొవ్వొత్తి కోసం లేచింది. నేను నెయ్యి గిన్నె అందుకోబోతే నా చెయ్యి పక్కన సన్నగా పచ్చటి వెలుగు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను, అది ఇంకా పెరిగింది.

"అక్కా, ఏం దాచావేమిటి?" అని నవ్వాడు వాడు.

నేనేమీ దాచలేదు. జీతం లేకుండా తమ్ముడింట్లో కూర్చుని రెండోసారి నెయ్యి వేసుకుంటున్నాను, అంతే. వాళ్ళెవరూ నన్ను ఒక్కమాట అన్నవాళ్ళు కాదు. అయినా ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడల్లా నాలో ఏదో ముడుచుకుంటుంది. అది నాకు మాత్రమే తెలిసిన సంగతి, ఆ పూట పచ్చగా అందరికీ కనపడింది. సుభాషిణి చూసి, అర్థం చేసుకుని, బిళ్ళ మీద చటుక్కున గిన్నె బోర్లించింది. వాడికి మాత్రం అర్థం కాలేదు.

పైడిరాజు మా ఇంటికి వచ్చింది ఆ తర్వాతే. పొద్దున్న పదిగంటల వేళ, భుజం మీద ఉతికిన తువ్వాలు, కాళ్ళకి చెప్పుల్లేవు. గుమ్మం బయటే వదిలేసినట్టున్నాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు. విజయనగరం వైపు మనిషి. మా తమ్ముడి పరిశోధనాలయం మెస్సులో వంట, సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళకీ వంట. భానోజీ ఇంట్లో లేడని చెప్పినా వెళ్ళలేదు. కుర్చీ చూపిస్తే అరుగు మీద కూర్చున్నాడు.

"మెస్సుకి రావొద్దన్నారమ్మగోరూ. అది సరే. మొన్న మా ఈదిలో పెళ్లి. పెళ్ళోలు ముందే మాటిచ్చీసినారు, కాదనలేక పిలిసినారు. గరిట నా సేతిలో ఎట్టి, నెయ్యి డబ్బా కాడ ఓ ముసిలాయన్ని కాపలా ఎట్టినారు. నాను కలుపుతన్నంతసేపూ ఆయన నా సేతులకేసే సూసినాడు. సాంబార్లో ఉప్పేసినానో నేదో కూడా నాకు గేపకం నేదు."

నాకు తలెత్తి అతని మొహం చూడటానికి ధైర్యం చాలలేదు.

"బాబుగోర్ని ఒకటే అడుగుదారని ఒచ్చినాను. ఆ బిళ్ళ నా సేతిలో ఎట్టి అందరి ముందరా సూడమనండి. నాను తీయనేదు కాబట్టి అదెలగదు. అప్పుడు ఇంకెవులూ మాట్టాడరు."

"అది వెలుగుతుంది పైడిరాజూ," అన్నాను.

"తప్పు సేయనోడి కాడ ఎందుకెలుగుద్దమ్మా?"

"అందరూ నీకేసి చూస్తుంటే నీకు సిగ్గెయ్యదూ? దానికి తప్పూ ఒప్పూ తెలీదు. సిగ్గొక్కటే తెలుసు."

 అతను నమ్మినట్టు కనిపించలేదు. సారు చేసిన వస్తువు మీద అతనికి సారుకంటే ఎక్కువ నమ్మకం. అప్పుడు నాకు అనుమానమొచ్చింది.

"ఆ సాయంత్రం నువ్వు టార్చి ఎందుకార్పేశావు?"

పైడిరాజు నేలకేసి చూశాడు. తువ్వాలు కొస వేలికి చుట్టుకున్నాడు.

"పెద్దమనిసి అలగున్నప్పుడు ఎలుగెట్టకూడదు కదండీ."

"అంటే చూశావు! మరి ఆ మాట చెప్పవేం? మొద్దు ఎవరి దగ్గర వెలిగిందో ఒక్కమాట చెబితే నీ మీద నింద పోతుంది కదయ్యా!"

"ఏటి సెప్పమంతారు? సార్ని అలగ సూసినానని నలుగుర్లో అంతే ఆయన పరువేటవుద్ది? పిల్లలకి పాటాలు సెప్పే మనిసి. నాను ఎవలకీ సెప్పనేదు. మా ఆడదానికీ సెప్పనేదు. మీరూ సెప్పొద్దు. సెప్పినారంతే నా మీదొట్టే." అని లేచాడు. "బిళ్ళ సూపిత్తే సాలు."

అతను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. తన పనీ పేరూ పోతున్నా ఆ మనిషి వాడి పరువు కాపాడుతున్నాడు. వాడేమో టీవీలో అతని చేతులు వణికిస్తున్నాడు.

ఆటో ఎక్కి ల్యాబుకి వెళ్ళాను. కిటికీలన్నీ మూసిన గది. వాన తడిసిన కలప వాసన. గోడ పొడుగునా అరల్లో మద్దిచెక్క ముక్కలు, వాటి మీద తెల్లటి దారాలు, పక్కల్నుంచి తొంగిచూస్తున్న చిన్న చెవులు. అడవిని ముక్కలు కోసి అలమారలో సర్దినట్టుంది. పైడిరాజు వచ్చి అడిగిన పరీక్ష గురించి చెప్పాను. మిగతాది ఒట్టు కాబట్టి చెప్పలేదు.

"డైరెక్టరుగారు కూడా అదే అంటున్నారు," అన్నాడు వాడు. "శుక్రవారం మెస్సు హాల్లో. ఒక కాపలా కంపెనీ వాళ్ళు కూడా చూడ్డానికి వస్తున్నారు."

"వద్దను. వెలుగుతుందని నీకు తెలుసు."

"వెలక్కపోవచ్చు."

"భానూ!"

వాడు నాకేసి చూడకుండా చెక్కముక్కల మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు. "ఇప్పుడు మాట మారిస్తే మొత్తం పనిమీదే నమ్మకం పోతుందక్కా. ఎన్నేళ్ళ కష్టం! వాడికి తర్వాత ఇంకోచోట ఏదో పని నేనే చూపిస్తాను. ఒక్కరోజు సిగ్గు, అంతే."

ఆ మాట అంటున్నప్పుడు వాడి వైపు అరలన్నీ చీకటిగానే ఉన్నాయి. నా వెనక అర ఒకటి పచ్చగా వెలగడం మొదలుపెట్టింది. వాడు అది చూసి, నీళ్ళ డబ్బా కింద పెట్టి, "నువ్వెందుకక్కా సిగ్గుపడతావు," అన్నాడు. నేను ఇంటికొచ్చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం మెస్సు హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టారు. మెస్సువాళ్ళు, విద్యార్థులు, కాపలా కంపెనీ మనుషులు, భానూ, నేనూ, అందరం గోడల పక్కన నిలబడ్డాం. పైడిరాజు కొత్తచొక్కా వేసుకొచ్చాడు. మడతలు ఇంకా పోలేదు. ఇన్నాళ్ళూ తను వడ్డించిన బల్ల ముందే అతన్ని నిలబెట్టి, చేతిలో బిళ్ళ పెట్టి, దీపాలార్పారు.

ముందు ఏమీ లేదు. చీకట్లో ఎవరో దగ్గారు. ఇంకెవరో, "పాలపొడి," అని గొణిగారు, కిసుక్కున నవ్వు. అంతే, బిళ్ళ వెలిగింది. నెమ్మదిగా వెలిగి, అతని వేళ్ళూ, మెడా, కిందికి దిగిపోయిన గడ్డమూ అన్నీ పచ్చగా చూపించింది. అతను బిళ్ళకేసి చూస్తున్నాడు. దాన్ని బతిమాలుతున్నట్టు పెదాలు కదిలాయి.

"అయిందిగా," అన్నాడు డైరెక్టరు.

"సార్!" అని ఒక అమ్మాయి ముందుకొచ్చింది. కల్హార, క్యాంపుకెళ్ళిన విద్యార్థుల్లో ఒకతె. "ఆ పాలపొడి మేమిద్దరం తినేశాం సార్, చెంచాతో. అక్కడే చెబుదామనుకున్నాను గానీ మమ్మల్నెవరూ అడగలేదు." నవ్వుతూనే పైడిరాజు చేతిలోంచి బిళ్ళ తీసుకుంది. అది ఆ పిల్ల చేతిలో ఆరిపోయింది. పాలపొడి తినడం ఆ పిల్లకి సిగ్గనిపించలేదు.

హాల్లో గుసగుసలు రేగాయి. డైరెక్టరు మాత్రం తగ్గలేదు. "అయితే ఇతని దగ్గర ఎందుకు వెలిగింది? ఇంకేం తీశాడో!"

ఇక ఆగలేకపోయాను. ముందుకెళ్ళి బిళ్ళ అందుకున్నాను. నా చేతిలో అది వెంటనే వెలిగింది. "చూడండి, నేనేం దొంగిలించాను?" అన్నాను. ఎవరో నవ్వారు. ఒట్టు గుర్తొచ్చి పళ్ళ బిగువున మిగతా మాట మింగేశాను. నేరుగా వెళ్ళి బిళ్ళని మా తమ్ముడి చేతిలో పెట్టాను.

"నువ్వు చెప్పు భానూ. ఆ సాయంత్రం ఏం జరిగిందో బిళ్ళ పట్టుకుని చెప్పు."

వాడి చేతిలో బిళ్ళ ఆరిపోయింది. వాడు గొంతు సవరించుకున్నాడు. "ఆ సాయంత్రం క్యాంపులో పాలపొడి డబ్బా కనపడలేదు," అని మొదలుపెట్టాడు. టీవీలో చెప్పిన ఆ గొంతే. నేను బిళ్ళకేసే చూస్తున్నాను. చీకటి. వంటమనిషి మొద్దు దగ్గరికి వచ్చాడన్నాడు. చీకటే. అతని చేతులు వణికాయన్నాడు. అప్పుడూ చీకటే. ఆ అబద్ధం చెప్పీ చెప్పీ వాడికి అలవాటైపోయింది. నా తమ్ముడికి సిగ్గు పోయిందని ఇంతమంది ముందు తెలుసుకోవడంకంటే నాకు ఇంకేం సిగ్గుచేటు కావాలి! నేల చీలితే బాగుండుననిపించింది.

"ఒగ్గీయండమ్మగోరూ," అన్నాడు పైడిరాజు. గొంతు చాలా మెల్లిగా ఉంది, కానీ హాలంతా వినపడింది. "బాబుగోర్ని నలుగుర్లో అడగొద్దు. ఆ సీకట్లో నాను టార్చి ఆర్పీసినాను. ఏటీ సూడనేదు. ఎవలకీ ఏటీ సెప్పను. మీరూ ఒగ్గీయండి."

భానోజీ మాట ఆగిపోయింది. వాడు పైడిరాజుకేసి తిరిగాడు. చూసి కూడా ఇన్నాళ్ళూ నోరిప్పలేదని, ఇప్పుడు కూడా దొంగగా నిలబడి తనకే అండగా నిలుస్తున్నాడని అప్పుడు తెలిసింది వాడికి. 

బిళ్ళ వెలిగింది. పైడిరాజు చేతిలో వెలిగినట్టు మెల్లిగా కాదు, ఒక్కసారిగా. వాడి మొహం, చొక్కా గుండీలు, బల్ల, గోడ మీద వేలాడే పెద్ద గరిటెలు, అన్నీ పచ్చగా కనపడ్డాయి. బెదిరిపోయి రెండో చెయ్యి దాని మీద మూశాడు. వేళ్ళ సందుల్లోంచి వెలుగు వస్తూనే ఉంది. బల్ల మీద పడేద్దామన్నా చేతులు వాడి మాట వినలేదు. హాల్లో ఎవరూ నవ్వలేదు.

పైడిరాజు భుజం మీది తువ్వాలు తీశాడు. రెండడుగులు వేసి వాడి ముందుకొచ్చి, పసిపిల్లకి కప్పినంత జాగ్రత్తగా, ఆ చేతుల మీద కప్పాడు.

"ఇంక సాలు బాబూ," అన్నాడు.

అప్పుడు మా తమ్ముడు తువ్వాలు కిందనే చేతులు పెట్టుకుని, తలొంచుకుని చెప్పాడు. "డబ్బాకీ మొద్దుకీ సంబంధం లేదు. మొద్దు వెనక ఉన్నది నేను. కడుపు నొప్పితో చెంబు పట్టుకుని కూర్చున్నాను. వెలిగింది నా దగ్గర. ఇతను నన్ను చూసి టార్చి ఆర్పేసి వెళ్ళిపోయాడు."  చిన్నప్పుడు తప్పుచేసి నా దగ్గర నిలబడ్డప్పటి గొంతు అది.

ఎన్నిసార్లు ఉతికిందో ఆ తువ్వాలు, బాగా పలచబడిపోయింది. వెలుగు దాంట్లోంచి బయటికి వస్తూనే ఉంది. నేను చూడలేక మొహం పక్కకి తిప్పుకున్నాను. చూస్తే, పైడిరాజు కూడా అటే తిరిగి నిలబడి ఉన్నాడు.